ఇంటి వద్ద కూరగాయల నిల్వ: నేలమాళిగ పరిమితులు, తడి ఇసుక శీతల అర ప్రయోజనాలు

మొక్క నుండి వేరుపడిన కాయ గాని, నేల నుండి పెకలించిన దుంప గాని వెంటనే నిర్జీవం కాదు. అది శ్వాసిస్తూనే ఉంటుంది; తనలోని నీటిని గాలిలోకి వదులుతూనే ఉంటుంది. కోతకు ముందు ఈ నష్టాన్ని వేర్లు, ఆకులు ఎప్పటికప్పుడు పూరిస్తాయి. కోత తరువాత ఆ మార్గం మూసుకుపోతుంది. ఉదయం కోసిన తోటకూర కట్ట సాయంత్రానికి వాడిపోవడానికి, నవనవలాడే బెండకాయ మరునాటికి ముడతలు పడటానికి ఇదే కారణం. పెరటి తోట గల కుటుంబానికి ఇది వంటింటి సమస్య. రోజూ నాలుగు గంపల ఆకుకూరలను సంతకు చేర్చే చిన్న రైతుకు ఇది ఆదాయ సమస్య. మిగిలిన సరుకు మరునాటికి నిలవదన్న సంగతి అమ్మేవారితో పాటు కొనేవారికీ తెలుసు. అందువలన పొద్దుగూకే వేళకు ధర కొనేవారి చేతిలోకి పోతుంది. సరుకును మరొక్క రోజు తాజాగా నిలుపుకోగలిగిన రైతు ఆ ధరకు తలవంచవలసిన అవసరం ఉండదు.

విద్యుత్తుతో పనిలేని నిల్వ అనగానే ఐరోపా, ఉత్తర అమెరికా ఖండాలలోని రైతుల ఇళ్ళలో కనిపించే నేలమాళిగలు చాలామంది దృష్టికి వస్తాయి. ఇంటి కింద గాని, పెరటి దిబ్బలో గాని తవ్విన గదిలో క్యారట్, బీట్‌రూట్, క్యాబేజీ, ఆలుగడ్డ, ఆపిల్ పండ్లను అక్కడివారు శీతాకాలమంతా దాచుకుంటారు. అటువంటి గదినే ఇక్కడ కూడా తవ్వుకోవచ్చుననే ఆలోచన సహజమే. కాని గొయ్యి తవ్వడానికి డబ్బు, శ్రమ వెచ్చించే ముందు ఆ గది అక్కడ ఎందుకు చల్లగా ఉంటుందో, ఇక్కడ ఎందుకు ఉండదో తెలుసుకోవడం అవసరం.

కోత తరువాత జరిగే మార్పులు

నిల్వలో సరుకు చెడిపోవడానికి ప్రధానంగా నాలుగు కారణాలు ఉన్నాయి. మొదటిది శ్వాసక్రియ. కాయలోని చక్కెరలు, ఇతర పోషకాలు ఖర్చవుతూ వేడి, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వెలువడతాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగిన ప్రతిసారీ శ్వాసక్రియ వేగం సుమారు రెండు నుండి మూడు రెట్లు అవుతుంది. రెండవది నీటి నష్టం. ఆకుకూరలలో పదింట తొమ్మిది వంతులు నీరే. అందులో 5 నుండి 10 శాతం పోయినంత మాత్రాన సరుకు వాడి, అమ్మకానికి పనికిరాకుండా పోతుంది. ఆకు వాడే కొద్దీ విటమిన్ సి కూడా త్వరగా నశిస్తుంది.

మూడవది ఇథిలీన్ వాయువు. మామిడి, అరటి, బొప్పాయి, జామ, టమాట వంటివి పండేటప్పుడు ఈ వాయువును విడుదల చేస్తాయి. దాని ప్రభావం వలన పక్కనున్న ఆకుకూరలు, కీరదోస పసుపు రంగుకు తిరుగుతాయి, క్యారట్ చేదెక్కుతుంది. నాలుగవది శిలీంధ్రాలు, బాక్టీరియా. కోతలో తగిలిన గాయం, తొక్కపై నిలిచిన నీరు వీటికి ప్రవేశ ద్వారాలు.

ఈ నాలుగింటినీ అదుపులో ఉంచడానికి చల్లదనం, తగిన తేమ, గాలి ప్రసారం, సరుకుల విభజన అవసరం. ఏ నిల్వ పద్ధతినైనా ఈ నాలుగు కొలమానాలతోనే పరీక్షించాలి.

శీతల దేశాల నేలమాళిగ పనిచేసే తీరు

భూమి ఉపరితలం పగలు వేడెక్కి రాత్రి చల్లబడుతుంది. ఈ రోజువారీ మార్పు సుమారు మీటరు లోతు దాటేసరికి కనుమరుగవుతుంది. వేసవికి, శీతాకాలానికి మధ్య ఉండే వార్షిక మార్పు ఇంకా లోతుకు చొచ్చుకుపోతుంది గాని, మూడు మీటర్ల వద్దకు వచ్చేసరికి అది కూడా చాలా వరకు తగ్గిపోతుంది. మరింత లోతున ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు ఒకేవిధంగా ఉంటుంది. ఆ స్థిరమైన ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు వార్షిక సగటు గాలి ఉష్ణోగ్రతకు సమానంగా గాని, దానికంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువగా గాని ఉంటుంది.

జర్మనీలోను, అమెరికా ఈశాన్య రాష్ట్రాలలోను వార్షిక సగటు ఉష్ణోగ్రత 8 నుండి 10 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. కాబట్టి అక్కడి నేల లోతున సహజంగానే చల్లదనం ఉంటుంది. దీనికి తోడు శరదృతువు రాత్రులలో మాళిగ కింది రంధ్రం గుండా చలిగాలిని లోపలికి రానిచ్చి, పై గొట్టం గుండా వెచ్చని గాలిని బయటకు పంపుతారు. గది క్రమంగా 0 నుండి 4 డిగ్రీల వరకు చల్లబడుతుంది. మట్టి గోడలలోని తేమ వలన గాలిలో తేమ 90 శాతానికి పైగా నిలుస్తుంది. బయట గడ్డకట్టే చలి ఉన్నప్పుడు అదే మట్టి సరుకును గడ్డకట్టకుండా కాపాడుతుంది. అంటే అక్కడి మాళిగ చలికాలపు చల్లదనాన్ని దాచే గాదె వంటిది. మట్టి చల్లదనాన్ని పుట్టించదు, ఉన్నదానిని నిలుపుతుంది.

మన నేల లోతున పరిస్థితి

హైదరాబాదు వార్షిక సగటు ఉష్ణోగ్రత 26 నుండి 27 డిగ్రీలు. రాయలసీమ మైదానాలలోను, కృష్ణా, గోదావరి డెల్టాలలోను అది మరికొంత ఎక్కువ. కావున తెలుగు రాష్ట్రాలలో మూడు మీటర్ల గొయ్యి తవ్వినా లోపల 26 నుండి 29 డిగ్రీలకు తక్కువ కాని వెచ్చదనమే లభిస్తుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండ నుండి అందులోకి దిగిన మనిషికి అది చల్లగా తోచవచ్చు. కాని 2 డిగ్రీల వద్ద ఉన్న క్యారట్‌తో పోలిస్తే 27 డిగ్రీల వద్ద ఉన్న క్యారట్ ఐదు నుండి పది రెట్ల వేగంతో శ్వాసిస్తుంది. చలికాలంలోనైతే బయటి రాత్రి గాలి కంటే గొయ్యి లోపలి గాలే వెచ్చగా ఉంటుంది.

దీనికి మరొక ఇబ్బంది తోడవుతుంది. కూరగాయల శ్వాస వలన వెలువడే వేడి, ఆవిరి మూసిన గొయ్యి నుండి బయటకు పోలేవు. వెచ్చదనం, నిలిచిన గాలి, గోడలపై చెమ్మ మూడూ కలిసిన చోట శిలీంధ్రాలు విజృంభిస్తాయి. నల్లరేగడి నేలలలో వానాకాలంలో గొయ్యిలోకి నీరు ఊరుతుంది. వేసవిలో నేల నెర్రెలిచ్చి గోడలు విరుగుతాయి. డెల్టాలో అనేక చోట్ల కొద్ది లోతులోనే నీరు తగులుతుంది.

పాతర నేర్పిన పాఠం

తెలుగువారికి భూగర్భ నిల్వ కొత్త కాదు. రాయలసీమ, తెలంగాణ మెట్ట ప్రాంతాలలో జొన్నలను పాతరలలో దాచే ఆచారం ఉండేది. గట్టి నేలలో లోతైన గొయ్యి తవ్వి, అడుగున, అంచుల వెంట గడ్డి పరచి, బాగా ఎండిన గింజలు నింపి, పైన మట్టితో మూసేవారు. అయితే పాతర పనిచేసింది చల్లదనం వలన కాదు, గాలి చొరకపోవడం వలన. మూసిన గొయ్యిలో గింజలు, పురుగులు శ్వాసించి ప్రాణవాయువును ఖర్చు చేస్తాయి, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, పురుగులు చనిపోతాయి. ఎండిన గింజ నిద్రాణ స్థితిలో ఉంటుంది కాబట్టి ఆ వాతావరణాన్ని తట్టుకుంటుంది. నీటితో నిండిన కాయగూరకు అదే వాతావరణం ప్రాణాంతకం. ప్రాణవాయువు అందక అది లోలోపలే పులిసి కుళ్ళుతుంది. పెద్దలు జొన్నలను పాతరలోను, గుమ్మడికాయలను ఉట్టి పైన, ఉల్లిని గాలి ఆడే అటక మీద దాచడం వెనుక ఈ తేడా ఉంది.

పాతర నుండి గ్రహించవలసిన హెచ్చరిక కూడా ఒకటి ఉంది. మూసి ఉంచిన పాతరలో గాని, కూరగాయలు నింపిన లోతైన గొయ్యిలో గాని పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువైనది; అది అడుగునే నిలుస్తుంది. అందులోకి వెంటనే దిగిన మనిషి క్షణాలలో స్పృహ కోల్పోవచ్చు. అతనిని కాపాడబోయి దిగిన రెండవ వ్యక్తి కూడా ప్రాణాలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. గొయ్యిలో నిల్వ ఉన్నచోట చాలాసేపు తెరచి ఉంచి, గాలి ఆడేటట్లు చేసిన తరువాతనే, పైన మరొకరు తాడు పట్టుకొని ఉండగా దిగాలి. పిల్లలను అటువైపు పోనివ్వరాదు.

చల్లదనానికి మరొక ఆధారం: బాష్పీభవనం

మట్టి ఇవ్వలేని చల్లదనాన్ని నీరు ఇస్తుంది. మట్టి కూజాలో నీరు చల్లబడటం అందరికీ తెలిసిన విషయమే. 30 డిగ్రీల ప్రాంతంలో ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,430 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఆ నీరు ఆ వేడిని తన చుట్టూ ఉన్న గోడ నుండి, గాలి నుండి తీసుకుంటుంది. 100 కిలోల కూరగాయలను సుమారు 6 డిగ్రీల మేరకు చల్లబరచడానికి తీసివేయవలసిన వేడి ఇంతే. ఇంత పని ఒక చెంబుడు నీటితో, ఎటువంటి యంత్రం లేకుండా జరుగుతుంది.

అయితే ఈ చల్లదనానికి ఒక హద్దు ఉంది. గాలి ఎంత పొడిగా ఉంటే నీరు అంత వేగంగా ఆవిరవుతుంది. తడి గుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపే ఉష్ణోగ్రతను తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. బాష్పీభవనంతో అంతకంటే కిందికి చల్లబరచడం సాధ్యం కాదు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండ, గాలిలో 20 శాతం తేమ ఉన్నచోట తడి బల్బు ఉష్ణోగ్రత సుమారు 23 డిగ్రీలు. ఆచరణలో ఈ 17 డిగ్రీల తేడాలో నాలుగింట మూడు వంతులు లభించినా నిల్వ అర 27 డిగ్రీలకు చేరుతుంది. అదే 34 డిగ్రీల ఉష్ణోగ్రత, 75 శాతం తేమ గల తీరప్రాంతంలో తడి బల్బు 30 డిగ్రీల వద్దే ఆగిపోతుంది. మూడు డిగ్రీల లాభం రావడమే గగనం.

ఇక్కడొక సందేహం కలగవచ్చు. మూడు మీటర్ల గొయ్యిలోనూ 27 డిగ్రీలే, తడి అరలోనూ 27 డిగ్రీలే అయినప్పుడు ప్రయోజనం ఏమిటి? సమాధానం రెండు అంశాలలో ఉంది. మొదటిది, తడి అర గోడల గుండా వేడి నిరంతరం బయటకు పోతుంటుంది; కూరగాయలు విడుదల చేసే వేడి పేరుకోదు. చలికాలంలో పగటి ఉష్ణోగ్రత 28 డిగ్రీలు, తేమ 45 శాతం ఉన్న రోజున తడి బల్బు 20 డిగ్రీలకు దిగుతుంది; రాత్రి ఇంకా తగ్గుతుంది. గొయ్యికి ఈ అవకాశం లేదు. రెండవది, మరింత ముఖ్యమైనది, తేమ. తడి అరలో గాలి తేమ 90 శాతం వరకు ఉంటుంది. 40 డిగ్రీలు, 20 శాతం తేమ గల బయటి గాలికి ఉన్న ఆరబెట్టే శక్తితో పోలిస్తే 27 డిగ్రీలు, 90 శాతం తేమ గల గాలి శక్తి పదిహేనవ వంతు కంటే తక్కువ. మన వాతావరణంలో ఆకుకూరలు వాడటానికి మొదటి కారణం నీటి నష్టమే కాబట్టి తడి అర వలన కలిగే మేలులో అధిక భాగం ఈ తేమదే. మూసిన గొయ్యిలోనూ తేమ ఉంటుంది గాని గాలి ప్రసారం ఉండదు. ఈ రెండూ కలిసి లభించడం తడి అర ప్రత్యేకత.

నిర్మాణ విధానం

ఈ సూత్రం ఆధారంగా న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో సుశాంత కె. రాయ్, డి.ఎస్. ఖుర్దియా అనే శాస్త్రవేత్తలు 1980వ దశకం తొలి సంవత్సరాలలో జీరో ఎనర్జీ కూల్ చాంబర్‌ను రూపొందించారు. విద్యుత్తు అక్కరలేని ఈ శీతల అరను ఇటుకలు, ఇసుక, వెదురు, గడ్డితో ఎవరైనా కట్టుకోవచ్చు.

స్థలం ఎంపిక ముఖ్యం. ఇంటి నీడ గాని, చెట్టు నీడ గాని ఉండి, గాలి బాగా వీచే, వాననీరు నిలవని మెరక ప్రదేశం కావాలి. నీటి వసతి దగ్గరలో ఉండాలి. నాలుగు వైపులా గోడలున్న గదిలో కడితే గాలి త్వరగా తేమతో నిండి చల్లదనం తగ్గుతుంది.

నేలను చదును చేసి సుమారు 165 సెంటీమీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల వెడల్పుతో ఒక వరుస ఇటుకలు పరచాలి. దానిపై అంచుల వెంట రెండు వరుసల గోడలను సుమారు 67 సెంటీమీటర్ల ఎత్తుకు లేపాలి. రెండు గోడల మధ్య 7.5 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. ఇటుకలు బాగా కాలినవై, నీటిని పీల్చుకునేవై ఉండాలి. వీటిని సిమెంటు లేకుండానే పేర్చవచ్చు. గోడలకు సిమెంటు పూత గాని, రంగు గాని వేయరాదు. పూత వేసిన గోడ నుండి నీరు ఆవిరి కాదు. కట్టిన తరువాత ఇటుకలను నీటితో పూర్తిగా తడిపి, మధ్య ఖాళీని మన్ను లేని ఏటి ఇసుకతో నింపి, ఆ ఇసుకను కూడా తడపాలి. వెదురు చట్రానికి ఎండుగడ్డి గాని, జమ్ము గాని అల్లి పై మూతగా వాడాలి. ఎండ, వాన నేరుగా తగలకుండా పైన తాటాకు లేదా కొబ్బరి మట్టల పందిరి వేయాలి. ఈ కొలతల అరలో సుమారు 100 కిలోల సరుకు పడుతుంది. కుటుంబ అవసరానికైతే ఇందులో సగం చాలు.

ఇంత స్థలం లేనివారు పెద్ద మట్టి తొట్టిలో చిన్న మట్టి కుండను ఉంచి, మధ్య ఖాళీని తడి ఇసుకతో నింపి, పైన తడి గోనెగుడ్డ కప్పుకోవచ్చు. తొట్టికి, కుండకు మెరుగు పూత ఉండరాదు. తొట్టిని నేలపై గాక ఇనుప ముక్కాలి మీద పెడితే అడుగు నుండి కూడా గాలి తగులుతుంది.

నిర్వహణలో పాటించవలసిన మెళకువలు

ఇసుక, గోడలు, మూత ఎప్పుడూ తడిగా ఉండాలి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి నీరు చల్లడం కనీస అవసరం; వడగాలులు వీచే రోజులలో మధ్యాహ్నం మరొకసారి చల్లాలి. ఎత్తున ఉంచిన డబ్బా నుండి సన్నని డ్రిప్పు గొట్టాన్ని ఇసుక మీదుగా తిప్పితే శ్రమ తగ్గుతుంది. నీటి ఎద్దడి గల గ్రామాలలో బియ్యం, కూరగాయలు కడిగిన నీటిని వడకట్టి ఇసుకకు పోయవచ్చు. సబ్బు నీరు పనికిరాదు. ఉప్పు నీరు, చౌడు నీరు వాడిన చోట ఇటుకలపై తెల్లని పొర ఏర్పడి రంధ్రాలు మూసుకుపోతాయి. అటువంటి గోడలను అప్పుడప్పుడు గట్టి కుంచెతో రుద్ది కడగాలి. ఇసుకను ఏడాదికొకసారి మార్చాలి.

సరుకును తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే కోయాలి. మధ్యాహ్నం కోసిన కాయ తనతో పాటు పొలం వేడిని మోసుకొస్తుంది. దెబ్బతిన్నవి, పుచ్చులు ఏరివేయాలి. అరలో పెట్టబోయే కాయలను కడగకూడదు. కడిగితే పూర్తిగా ఆరిన తరువాతనే పెట్టాలి. చల్లే నీరు నేరుగా కాయలపై పడరాదు. రంధ్రాలున్న ప్లాస్టిక్ క్రేట్లలో పలుచగా సర్ది, గోడలకు తగలకుండా ఉంచాలి. క్యారట్, బీట్‌రూట్, ముల్లంగి దుంపలకు ఆకులు తుంచివేయాలి. ఆకులుంటే దుంపలోని నీటిని అవే లాగేస్తాయి. రోజుకొకసారి అరను తెరచి కుళ్ళిన వాటిని తీసివేయాలి.

ఢిల్లీలో జరిపిన పరీక్షలలో మే, జూన్ మాసాలలో బయట ఒక రోజు కూడా నిలవని తోటకూర ఈ అరలో సుమారు 3 రోజులు, ఫిబ్రవరి, మార్చి మాసాలలో బయట 3 రోజులు నిలిచే మెంతికూర సుమారు 10 రోజులు, 5 రోజులు నిలిచే క్యారట్ సుమారు 12 రోజులు నిలిచాయి. తోటకూరకు కలిసివచ్చిన ఆ రెండు రోజులు చిన్నవిగా కనిపించవచ్చు. కాని సంత రోజుకు ముందే కోయక తప్పని రైతుకు లాభనష్టాలను తేల్చేవి ఆ రెండు రోజులే.

ఏ సరుకుకు ఏ చోటు

అన్నింటినీ ఒకే చోట దాచడం నిల్వలో తరచుగా జరిగే పొరపాటు. ఆకుకూరలు, బెండ, వంగ, బీర, దొండ, చిక్కుడు, క్యారట్, ముల్లంగి, నిమ్మ వంటివి తడి అరకు అనుకూలం. వీటిలో బెండ, వంగ, కీరదోస రిఫ్రిజిరేటర్ చల్లదనాన్ని ఎక్కువ రోజులు తట్టుకోలేవు. 10 డిగ్రీలకు దిగువన వీటికి చలి దెబ్బ తగిలి మచ్చలు, గుంటలు పడతాయి. అరటి, మామిడి పండ్లకు 12, 13 డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రత హాని చేస్తుంది. కావున తడి అరను రిఫ్రిజిరేటర్ కొనలేనివారి ప్రత్యామ్నాయంగా మాత్రమే చూడటం సరికాదు. ఉష్ణమండల కూరగాయలు కొన్నింటికి అదే మేలైన చోటు.

ఉల్లి, వెల్లుల్లిని మాత్రం ఎట్టి పరిస్థితులలోను తడి అరలో పెట్టకూడదు. వీటికి 25 నుండి 30 డిగ్రీల ఉష్ణోగ్రత, 65 నుండి 70 శాతం తేమ, అన్ని వైపుల నుండి గాలి కావాలి. తేమ పెరిగితే నల్లబూజు, కుళ్ళు వ్యాపిస్తాయి. 10 నుండి 20 డిగ్రీల మధ్య ఉల్లి మొలకెత్తడానికి అనుకూలం కాబట్టి ఓ మోస్తరు చల్లదనం దీనికి మేలు కంటే కీడే చేస్తుంది. కోసిన ఉల్లిని ఆకులతో పాటు ఆరబెట్టి, మెడ ఎండిన తరువాత రెండు సెంటీమీటర్ల కాడ వదిలి కోసి, వెదురు తడికలపై పలుచగా పరచాలి. లేదా వల సంచులలో వేలాడదీయాలి. రబీ ఉల్లి ఈ విధంగా నాలుగు నెలలు దాటి నిలుస్తుంది. కర్నూలు ప్రాంతంలో విస్తారంగా పండే ఖరీఫ్ ఉల్లికి నిల్వ గుణం తక్కువ. దానిని దీర్ఘకాలం దాచే ప్రయత్నం కంటే త్వరగా అమ్ముకోవడమే మేలు.

ఆలుగడ్డకు చీకటి, గాలి, ఓ మోస్తరు తేమ అవసరం. వెలుతురు తగిలితే తొక్క ఆకుపచ్చగా మారి సోలనిన్ అనే విష పదార్థం పెరుగుతుంది. ఉల్లితో కలిపి ఉంచితే ఆలుగడ్డ నుండి వెలువడే తేమ ఉల్లిని చెడగొడుతుంది. చిలగడదుంపను తవ్విన వెంటనే 30 డిగ్రీల ప్రాంతంలో, తేమ గల నీడలో నాలుగు నుండి ఏడు రోజులు ఉంచితే గాయాలు మానుతాయి. దీనినే క్యూరింగ్ అంటారు. కందను దెబ్బలు తగలకుండా తవ్వి, గాలి ఆడే నీడలో ఒకే పొరగా పరచాలి. అల్లం విత్తనపు కొమ్ములను నీడలో తవ్విన గుంతలో ఇసుక పొరల మధ్య దాచి, పైన గాలి ఆడేటట్లు పలకలు కప్పే ఆచారం ఉంది. నేలలో గుంత పనికివచ్చే సందర్భాలలో ఇదొకటి. ఇక్కడ కావలసింది చల్లదనం కాదు. కొమ్ము ఎండిపోకుండా నిలిపే తేమ, స్థిరమైన ఉష్ణోగ్రత.

గుమ్మడి, బూడిదగుమ్మడి కాయలను బాగా ముదిరిన తరువాత తొడిమతో సహా కోసి, పొడిగా, గాలి తగిలేటట్లు ఉట్టిలో గాని, తడికపై గాని ఉంచితే నెలల తరబడి నిలుస్తాయి. బూడిదగుమ్మడిపై ఉండే తెల్లని మైనపు పొరను తుడిచివేయరాదు. పండుతున్న మామిడి, అరటి, బొప్పాయి పండ్లను ఇథిలీన్ దృష్ట్యా ఆకుకూరల అరకు దూరంగా ఉంచాలి.

జాగ్రత్తలు

తడి అర కూరగాయల కోసమే. పాలు, పెరుగు, మాంసం, చేపలు, వండిన అన్నం, కూరలు, కోసిన పండ్ల ముక్కలు అందులో దాచకూడదు. 5 నుండి 60 డిగ్రీల మధ్య ఆహారంలో హానికర బాక్టీరియా వృద్ధి చెందుతుంది. తడి అర ఉష్ణోగ్రత ఈ పరిధి లోపలే ఉంటుంది. చేతికి చల్లగా తగిలినంత మాత్రాన ఆహారం సురక్షితమని భావించరాదు.

వేసవిలో చల్లని, చెమ్మ గల చోటును కప్పలు, వాటి వెంట పాములు వెతుక్కుంటూ వస్తాయి. మూతకు సందులు లేకుండా చూసి, తెరిచే ముందు కర్రతో తట్టాలి. చీకట్లో చేయి పెట్టరాదు. అర చుట్టూ నీరు నిలిస్తే దోమలు పెరుగుతాయి. చిన్న కాలువ తీసి మిగులు నీటిని మొక్కలకు మళ్ళించాలి. వెదురు చట్రానికి చెదలు పట్టకుండా తరచుగా పరిశీలించాలి.

ప్రాంతాల వారీ అనుకూలత

తెలంగాణలోను, రాయలసీమలోను ఫిబ్రవరి నుండి తొలకరి వరకు ఈ అర ఉత్తమ ఫలితాన్నిస్తుంది. సరుకు వేగంగా వాడిపోయే కాలం కూడా అదే. వానాకాలంలో గాలి తేమగా ఉండటం వలన చల్లదనం తగ్గుతుంది. ఆ రోజులలో నీరు తగ్గించి, గాలి ప్రసారం పెంచి, సరుకును తక్కువ రోజులే ఉంచాలి. వాన తెరిపి ఇచ్చిన తరువాత చలికాలంలో మళ్ళీ బాగా పనిచేస్తుంది. శ్రీకాకుళం నుండి నెల్లూరు వరకు సముద్రతీర గ్రామాలలో ఏడాదిలో అధిక భాగం గాలి తేమగానే ఉంటుంది కాబట్టి దీనిపై ఎక్కువ ఆశ పెట్టుకోరాదు. అక్కడ తెల్లవారుజామున కోత, నీడలో గ్రేడింగ్, అదే రోజు అమ్మకం, రైతు బృందాలు కలిసి వాడుకునే చిన్న శీతల గిడ్డంగులు మేలైన మార్గాలు.

తమ ఇంటి ఆవరణ దీనికి అనుకూలమా కాదా అన్నది కట్టకముందే తెలుసుకోవచ్చు. ఒకే రకం ఉష్ణమాపకాలు రెండు తీసుకొని, ఒకదాని బల్బుకు పలుచని నూలుగుడ్డ చుట్టి తడిపి, రెండింటినీ నీడలో గాలి తగిలే చోట వేలాడదీయాలి. మధ్యాహ్నం మూడు గంటల వేళ రెండింటి మధ్య తేడా 8 డిగ్రీలు గాని, అంతకు మించి గాని ఉంటే అర కట్టుకోవడం లాభదాయకం. తేడా 4 డిగ్రీల లోపు ఉంటే ఇటుకల ఖర్చు వృథా. కొన్ని రోజుల పాటు, వేర్వేరు మాసాలలో ఈ పరీక్ష చేసి నమోదు చేసుకున్న రైతుకు తన అర ఏ నెలలో పనిచేస్తుందో, ఏ నెలలో పనిచేయదో ముందే తెలుస్తుంది.

మరొక వాతావరణంలో ఫలించిన పద్ధతిని యథాతథంగా తెచ్చుకోవడం కంటే, దాని వెనుకనున్న కారణాన్ని గ్రహించి, స్థానికంగా లభించే వనరుతో అదే పని చేయించుకోవడం వివేకం. చలి దేశపు రైతుకు ఆ వనరు శీతాకాలం. దక్కన్ పీఠభూమి రైతుకు అది పొడిగాలి. మే నెలలో పంటను ఎండబెట్టే ఆ గాలినే తడి ఇటుకల మీదుగా పోనిస్తే కోసిన కూరగాయలను కాపాడే సాధనంగా మారుతుంది.